అడిగితే బతకని తీగ

మా అబ్బాయి ఏ.ఎస్. రావు నగర్‌లో డాబా ఇల్లు కట్టుకున్నాక, ఆ డాబా మీద నేను వేసిన దొండ పందిరిని చూసి వీధిలో ఆడవాళ్ళు "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడుగుతుంటారు. ఏదో వ్యవసాయ కాలేజీ పేరు చెబుతానని వాళ్ళ ఆశ. దొంగతనం చేసి నేర్చుకున్నానంటే నవ్వుతారు. ముసలావిడ చాదస్తం అనుకుని, నారు కుండీ ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళిపోతారు. అలా నవ్వి వెళ్ళిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కూర్చోబెట్టి చెబుదామంటే ఎవరికీ తీరిక లేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

నేను గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదుకు కాపురానికి వచ్చింది నైజాం రాజ్యం ఆఖరి రోజుల్లో. మా నాన్నగారు మిషను బడిలో మేష్టారు. మా అత్తగారు కూడా మిషను బడిలోనే పాఠాలు చెప్పి మానేసిన మనిషి. మామగారు అప్పటికే లేరు. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. మొత్తానికి చేతికి సుద్దముక్క తప్ప మట్టి అంటని రెండు వంశాలు వియ్యమందాయన్నమాట. ఇప్పుడు పద్మారావు నగర్ అంటున్నారే, దానికి కాస్త ఇవతల మా ఇల్లు. వీధిలో ఎక్కువమంది మా చర్చి వాళ్ళే. ఇళ్ళన్నిటికీ వెనక పెద్ద పెద్ద పెరళ్ళు ఉండేవి. వాటిల్లో బట్టలు ఆరేసుకునేవాళ్ళం, అంతే.

మా పక్కన మాత్రం అసలైన తోట ఉండేది. అది పెద్దమ్మది. చుట్టరికం ఏమీ లేదు. మా అత్తగారూ ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. వాళ్ళు తరతరాలుగా అక్కడే ఉన్న హిందువులు. ఆకుకూరలూ కాయగూరలూ పండించి మోండా మార్కెట్టుకు పంపేవాళ్ళు. ఆ తోటలోకి బయటి నుంచి ఒక్క విత్తనం కొని తెచ్చేవాళ్ళు కాదు, అందులోంచి ఒక్క ఎండుటాకు బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు. పెద్దమ్మ అణకువ గల మనిషి అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. తన తోట గురించి తానే పొద్దున్నుంచి సాయంత్రం దాకా డప్పు కొట్టుకునేది. ఆవిడ గొంతు విప్పితే మా చర్చి గంట వినబడేది కాదు.

ఆ ఏడు సరుకులు రాకుండా సరిహద్దులు మూసేశారు. ఉప్పు కరువు, కిరసనాయిలు కరువు, కూరగాయల ధరలు అంటుకోలేని స్థితి. ఎండాకాలంలో ఒకరోజు మా అత్తగారు గోడ దగ్గర నిలబడి, "వదినా, మీ దొండ తీగ ఒక కొమ్మ ఇస్తారా, పెరట్లో నాటుకుంటాను" అని మర్యాదగా అడిగింది. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"అడిగినవా? అయిపాయె. ఏ కొమ్మను చూసి అడిగినవు? గదేనా? ఇగ గది పనికిరాదు."

అంటూనే ఆ కొమ్మను చటుక్కున తుంచి బర్రెకు వేసేసింది. మా అత్తగారు నిర్ఘాంతపోయింది. లోపలికి వచ్చి, "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పవచ్చుగా, బర్రెకు వేయడం దేనికి?" అని రెండు రోజులు అన్నం సయించక బాధపడింది. వాళ్ళ ఆచారం ఏమిటో మాకు అప్పుడు తెలియదు. తీగ గాని మొక్క గాని ఎవరి పెరట్లోంచైనా దొంగిలించి తెస్తేనే బతుకుతుంది. అడిగితే బతకదు, ఇస్తే బతకదు. ఇది ఆవిడ నమ్మకం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న దాని మీదైనా ఆవిడకు అనుమానం ఉందేమో గాని దీని మీద లేదు.

వానలు మొదలైన తర్వాత పెద్దమ్మ తనే మా ఇంటికి వచ్చింది. ఆ రోజు గొంతు తగ్గి ఉంది. రజాకార్ల భయంతో వాళ్ళాయన ఇల్లు వదిలి జగ్గయ్యపేటలో ఉన్న కూతురి దగ్గరికి పోదామని నిశ్చయించాడట. అప్పట్లో చాలామంది అలా సరిహద్దు దాటి పోతున్నారు. మళ్ళీ ఎప్పుడు వస్తారో, అసలు వస్తారో రారో ఎవరికీ తెలియదు.

"ఇల్లు పోతె మళ్ళ కట్టుకుంటం వదినె. బర్రెను మా ఆడిబిడ్డ తోలుకపోయింది. గీ తీగకు కాళ్ళు లేవు కదనె. మా అత్త తల్లిగారూరు యాప్రాల్. పెండ్లై వచ్చినప్పుడు వాళ్ళ వదినె పెరట్లకెల్లి గీ దొండను దొంగతనంగ కొంగుల దాచి తెచ్చింది. నా చేతుల మీద పెరిగింది. నేను లేకుంటె ఆగమైతది. మీ పెరట్ల బతికితె, నేను తిరిగొచ్చినంక కండ్లతోని చూసుకుంట. గదే నా తక్లీఫ్."

మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. మా అత్తగారూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అందరం కళ్ళు తుడుచుకున్నాక మా అత్తగారు, "దానికేం వదినా, కొమ్మలు ఇవ్వండి, ఇవాళే నాటిస్తాను" అంది.

"ఇస్తె బతుకది."

"అయితే నేనే అడుగుతున్నాను."

"అడిగితె అసలే బతుకది."

"పోనీ, ఊరికే వద్దు, ఏదో ఒకటి పుచ్చుకుని ఇవ్వండి."

"తీగను అమ్ముకుంటరా ఎవలన్న? థూ."

"మరి ఏం చెయ్యమంటారు?"

"దొంగతనం చెయ్యాలె," అంది పెద్దమ్మ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "సోమారం పొద్దుగూకంగ వచ్చి తీస్కపోండ్రి. నేను బాయికాడ గటు తిరిగి నిలబడత. జెర జల్ది రండ్రి, మళ్ళ నాకు వంట ఉంటది."

మా అత్తగారి సంగతి చెప్పాలి. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు పది ఆజ్ఞలు కంఠతా పట్టించిన మనిషి. పక్కింటి చెట్టు కాయ మా పెరట్లో రాలితే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేది. ఆవిడను దొంగతనానికి రమ్మనడమే కాకుండా టైము కూడా ఇచ్చింది పెద్దమ్మ. మా అత్తగారు ఆదివారం ఆరాధన అయిపోగానే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆయన నెమ్మదస్తుడు. చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, "యజమానురాలే పిలిచి తీసుకోమంటే అది దొంగతనం కాదమ్మా. నిశ్చింతగా తీసుకోండి," అన్నారు.

మా అత్తగారు తేలికపడ్డ మనసుతో నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, "వదినా, మా అయ్యగారిని అడిగాను. అది దొంగతనం కాదట," అని శుభవార్త చెప్పింది. పెద్దమ్మ ముఖం మాడిపోయింది.

"ఓ దేవుడా! దొంగతనం కాకుంటె తీగ ఎట్ల బతుకుతదే? పోయి చెప్పు మీ అయ్యగారికి. దొంగతనమే అని చెప్పుమను. పాపమే అనుమను. లేకుంటె నా తీగ సచ్చిపోతది."

అదీ పరిస్థితి. పాస్టరుగారి మాట నిజమైతే తీగకు ప్రాణగండం, పెద్దమ్మ మాట నిజమైతే మా అత్తగారి ఆత్మకు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ సాయంత్రమంతా మా అత్తగారు వసారాలో కుర్చీలో కదలకుండా కూర్చుంది. మా ఆయన నాకు సైగ చేసి నవ్వాడు, నేనూ నవ్వాను. భోజనానికి లేవమని పిలవడానికి వెళ్ళి ఆవిడ ముఖం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

"నేను దొంగతనమే చేస్తున్నానమ్మాయ్," అంది. "అయ్యగారు కాదన్నా సరే, దొంగతనమని తెలిసే చేస్తాను. ఆవిడ తీగ బతకాలి. ఈ నెల ప్రభువు బల్ల తీసుకోను."

మా వాళ్ళు కానివారికి ఒక ముక్క చెప్పాలి. నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. పాపం మనసులో పెట్టుకుని దాన్ని తీసుకోకూడదు. అందరూ లేచి ముందుకు వెళ్తుంటే ఒకరు తమ బెంచీ మీదే కూర్చుండిపోతే చర్చి మొత్తం వాళ్ళ వైపే చూస్తుంది. మా అత్తగారు పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ సంగతి ఆవిడకు ప్రాణంతో సమానం. అందుకే నాకు కోపం వచ్చింది. ఒక దొండ కొమ్మ కోసం ఈ ఇద్దరు ముసలమ్మలు ఏమిటిలా అని లోలోపల ఇద్దరినీ తిట్టుకున్నాను.

సోమవారం వచ్చింది. మా అత్తగారు స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టి, మోకరించి ప్రార్థన చేసింది. దొంగతనానికి ముందు ప్రార్థన చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. గొడుగు ఆవిడ చేతిలో, కూరగాయల కత్తి నా చేతిలో. పెద్దమ్మ గేటు దగ్గర ఆగి, అలవాటు చొప్పున గొళ్ళెం టకటకలాడించి, "వదినా, వచ్చామండీ," అంది.

"పిలుస్తరానె!" అని బావి దగ్గర నుంచి కేక. "దొంగలు గొళ్ళెం కొడుతరా? సప్పుడు చెయ్యకుండ రండ్రి!"

పెద్దమ్మ బావి వైపు తిరిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, మాకు వీపు చూపించి నిలబడి ఉంది. మేము అడుగులో అడుగు వేసుకుంటూ పందిరి కిందికి వెళ్ళాం. నాకు అందిన లేత కొమ్మ ఒకటి పట్టుకుని కత్తి పెట్టాను.

"లేతది కోస్తున్నవ్. గది కుళ్ళిపోతది," అంది వీపు. "సప్పుడు ఇనబడ్తలేదా? ముదురు తీగ అయితె కత్తికి కర్రుమంటది. ఏలంత లావుది చూడు."

వేలంత లావుది చూశాను.

"అడ్డం కొయ్యకు, ఏటవాలుగ కొయ్యి. కన్ను కింద కొయ్యి. రెండు కండ్లు మట్టిల పోవాలె, రెండు కండ్లు బయట ఉండాలె. తలకిందులు చెయ్యకు, ఏది కింద ఏది మీద యాదికి పెట్టుకో. టీచరమ్మ, నువ్వేం చేస్తున్నవ్?"

"చూస్తున్నాను వదినా," అంది మా అత్తగారు గుసగుసగా.

"చూసేటోల్లు దొంగలు కారు. నువ్వు సుత కొయ్యి. నీ పెరటికి నీ చెయ్యే పడాలె."

మా అత్తగారు కత్తి తీసుకుని కోసింది, కొమ్మతో పాటు వేలు కూడా. రక్తం కారుతున్నా నోరెత్తలేదు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, దాన్ని నేను కళ్ళారా చూసింది అప్పుడే. పెద్దమ్మ అటు తిరిగే ఉండి కొమ్మలను తడి గోనెలో ఎలా చుట్టాలో, ఎంత పేడ ఎంత ఆకుమట్టి కలపాలో, బీర గింజలు ఏ సొరకాయ బుర్రలో ఉన్నాయో, ఆ బుర్ర పొయ్యి మీద ఏ దూలానికి వేలాడుతోందో అన్నీ అరిచి చెప్పింది. దొంగలకు ఇంటి గుట్టు అంతా విప్పి చెప్పే ఇంటావిడ ఆవిడొక్కతే అయి ఉంటుంది. మేము గేటు దాటుతుంటే ఇటు తిరగకుండానే, "దొంగ ముండల్లారా!" అని తిట్టింది. తిట్లు పడితే తీగ బలంగా వస్తుందట. ఆ గొంతులో ఏడుపు ఉంది.

పైవారం వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ నెల బల్ల ఇచ్చే ఆదివారం చర్చిలో అందరూ లేచారు. మా అత్తగారు లేవలేదు. కట్టు కట్టిన వేలు ఒళ్ళో దాచుకుని తల వంచుకు కూర్చుంది. నేను లేచి వెళ్ళాలా కూర్చోవాలా తెలియక సగం లేచి సగం కూర్చున్నాను. దొంగతనంలో నాకూ వాటా ఉంది కదా. చివరికి నేనూ కూర్చున్నాను. ఇంటికి వచ్చే దారిలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కాపురానికి వచ్చాక నాకు ఆ ఊరు నాదనిపించిన మొదటి రోజు అది.

కొమ్మలు చిగిర్చాయి. మా పెరట్లో మొట్టమొదటిసారి ఏదో బతికింది. పొద్దున్నే మంచు తడి ఆరకముందు ఆకుల మీద బూడిద చల్లితే పేనుబంక పోయేది. అంట్లు తోమిన నీళ్ళు తీగ మొదట్లోకి పారేలా కాలువ తీశాను. మొక్కజొన్న పక్కనే చిక్కుడు గింజ పెడితే ఒకదాన్ని పట్టుకుని ఒకటి పైకి పోయేది. మొదటి కాపులో మంచి కాయకు దారం కట్టి విత్తనానికి వదిలేసేవాళ్ళం. ఇవన్నీ పెద్దమ్మ గోడ మీంచి విసిరిన పాఠాలే. వాటితో పాటు ఇంకొన్ని కూడా విసిరింది. పిందెను వేలు పెట్టి చూపిస్తే కుళ్ళిపోతుంది, వేలు మడిచి చూపించాలి. పందిరికి దిష్టి తగలకుండా పాత చెప్పు కట్టాలి. దిష్టి అనేది లేదని మా అత్తగారు గట్టిగా చెప్పింది. కాని మా ఆయన పాత బూటు ఒకటి "ఆరడానికి" పందిరికి వేలాడదీసింది. ఆ బూటు వానాకాలమంతా ఆరుతూనే ఉంది.

గురువారాల్లో చర్చి స్త్రీల సమాజానికని మా ఇంటికి వచ్చిన వాళ్ళు మా పెరడు చూసి కొమ్మలు అడగడం మొదలుపెట్టారు. పాపం, వాళ్ళకేం తెలుసు, మర్యాదగానే అడిగారు. మా అత్తగారు గయ్యిమంది. "అడక్కండి! అడిగితే బతకదు. గురువారం ప్రార్థన అయ్యాక వచ్చి దొంగిలించండి." కొత్తగా మతం పుచ్చుకున్న వాళ్ళకు పట్టుదల ఎక్కువ అంటారు, అలా తయారైంది ఆవిడ. మా పందిరి ఇంకా చిన్నది కాబట్టి అందరినీ పెద్దమ్మ తోటలోకే తీసుకెళ్ళేది. తోటలో యజమానురాలు లేదు కాబట్టి ఆవిడకు బదులు తనే బావి దగ్గర అటు తిరిగి నిలబడేది. "ముదురుది కొయ్యండి. ఏటవాలుగా కొయ్యండి," అని వీపుతో పాఠం చెప్పేది. గంటకు పది మంది దొంగలు, అందరూ తెల్లచీరల్లో. తర్వాత వాళ్ళు ఒకరి పెరట్లోంచి ఒకరు విత్తనాలు, నారు, కరివేపాకు పిలకలు ముందుగా కబురు పంపి మరీ దొంగిలించుకున్నారు. ఆ రోజుల్లో పాస్టరుగారు ఊరి పరిస్థితులు చూసి దోపిడీల మీద ఒక ప్రసంగం చేశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆడవాళ్ళ వైపు బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

ఒక గురువారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కూడా మా అత్తగారు బావి వైపు తిరిగే ఉంది. నేను గోనె సర్దుతున్నాను. గేటు దగ్గర ఎవరో దగ్గారు. పాస్టరుగారి దగ్గు మా సంఘంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆవిడ ఇటు తిరగలేదు.

"ముదురుది కొయ్యండి అయ్యగారూ," అంది.

ఆయన కోసుకున్నారు. కోసుకుని వెళ్ళకుండా కొమ్మ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "అమ్మా, నేను ఇప్పుడు చేసింది ఏమిటంటారు?" అని అడిగారు.

"దొంగతనమే అయ్యగారూ. కాదంటే బతకదు."

"మరి ఎల్లుండి ఆదివారం బల్ల ఎవరు ఇస్తారు?"

ఆయనే మళ్ళీ, "దొంగలం కాకపోతే మనకు ఆ బల్లతో పనేముందమ్మా. రండి, కలిసే తీసుకుందాం," అన్నారు. ఆ ఆదివారం మా అత్తగారు లేచి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. గురువారానికి ఎల్లుండి శనివారం కదా, ఆదివారం ఎలా అవుతుందని నాకు ఇప్పటికీ సందేహమే. ఆయన కంగారులో రోజులు తప్పారు, మేమూ కంగారులో దిద్దలేదు.

ఆ వెంటనే పోలీసు చర్య వచ్చింది. ఆ నాలుగు రోజులు వీధిలో ఎవరూ తలుపు తీయలేదు. మా ఆయన రేడియో దగ్గర కూర్చున్నాడు. నేను బియ్యం డబ్బా దగ్గర కూర్చున్నాను. మా అత్తగారు వెనక కిటికీ దగ్గర కూర్చుని పెద్దమ్మ తోటను చూస్తోంది. ఎవరి మేకలో ఏమో, కంచె తోసుకుని తోటలో పడ్డాయి. మా ఆయన "అమ్మా! అమ్మా!" అని అరుస్తున్నా వినకుండా ఆవిడ గొడుగు పట్టుకుని బయటికి పరుగెత్తింది. పైన విమానం పోతోంది. ఆవిడ మేకల మీద ఎత్తిన గొడుగునే విమానం మీదికి కూడా ఎత్తి, "పొండి, పొండి!" అని అదిలించింది. విమానం పోయింది. మేకలు పోలేదు.

తర్వాత వానకు బావి గట్టు కూలింది. దొండ మొదలు ఆ గట్టునే ఉండేది. మట్టితో సహా బావిలోకి జారిపోయింది. విరిగిన పందిరి గుంజలను ఎవరో వంటచెరకుకు పట్టుకుపోయారు. నైజాం రాజ్యం పోయిందని ఊళ్ళో ఒకరు సంతోషిస్తుంటే ఒకరు భయపడుతున్నారు. మా అత్తగారు మాత్రం కూలిన బావి దగ్గర నిలబడి, "ఆవిడకు నేనేం జవాబు చెప్పను?" అని ఏడ్చింది. మన పెరట్లో ఉందిగా, వీధంతా ఉందిగా అని నేను ఎంత చెప్పినా వినలేదు. తోట కాపాడలేకపోయానని ఆవిడ బాధ.

చలికాలం మొదట్లో ఒక గురువారం మా ఆయన పరుగున వచ్చి, పెద్దమ్మ వాళ్ళు స్టేషనులో బండి దిగారని చెప్పాడు. స్త్రీల సమాజం మా ఇంట్లోనే జరుగుతోంది. మా అత్తగారు ఆనందంతో లేచింది. వెంటనే అందరినీ నిలబెట్టి ఆజ్ఞ జారీ చేసింది. "ఆవిడ తోట పోయింది. మన దగ్గరున్నదంతా ఆవిడ సొత్తే. ఏం కావాలంటే అది ఆవిడ దొంగిలించుకోవాలి. ఎవరి ఇంటి ముందు వాళ్ళు గోడ వైపు తిరిగి నిలబడండి. పలకరించకండి, చూడకండి. ఎవరైనా ఇటు తిరిగితే తీగ బతకదు." ఆడవాళ్ళందరూ పరుగెత్తి ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడ్డారు. నన్ను మాత్రం వంటింట్లోకి పొమ్మంది. నేను కిటికీ సందులోంచి చూస్తున్నాను.

పెద్దమ్మ వాళ్ళాయన కంటే ముందే, చిన్న మూట చంకన పెట్టుకుని వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. ముందు తన తోట దగ్గర ఆగింది. కూలిన బావిని చూసింది. అంత గొంతు గల మనిషి చప్పుడు చెయ్యలేదు. తర్వాత వీధిలోకి తిరిగింది. ప్రతి కంచె మీదా తన దొండ, తెల్లటి పూలు, ఎర్రగా పండిన కాయలు. ప్రతి మొక్కజొన్నకూ తన చిక్కుడు. ప్రతి గేటు దగ్గరా తెల్లచీరలో ఒక వీపు. ఆవిడ ఒక్క తీగ మీద కూడా చెయ్యి వెయ్యలేదు. ఒక్కొక్క వీపు దగ్గరా ఆగి చూస్తూ మా గేటు దాకా వచ్చింది.

"వదినె," అంది.

మా అత్తగారు గోడ వైపు తిరిగి ఉంది. భుజాలు కదులుతున్నాయి గాని ఇటు తిరగలేదు.

"వదినె, నేనే. వచ్చిన."

పెద్దమ్మ రోడ్డు మధ్యలో కూలబడిపోయింది.

"ఏందే, ఒక్కలన్న నా దిక్కు చూడరా? మిమ్ముల ఇడిసిపెట్టి పోయిన్నని కోపమానె? మేము మాత్రం సుఖంగ ఉన్నమా గాడ? దినాం గీ గల్లీనే యాది చేసుకున్న. వదినె మొఖం ఎప్పుడు చూస్తనా అని బండ్ల కూసున్న కాడికెల్లి అదే పరేషాన్. గీ ఈపులు చూసెతందుకా నేనొచ్చింది?"

నాకు గుండె నీరైపోయింది. తను నేర్పిన పాఠమే అది, అయినా ఆవిడకు గుర్తు రాలేదు. ఇంటికి తిరిగి వచ్చే మనిషికి తీగలు గుర్తుంటాయా? నేను కిటికీలోంచి, "అత్తయ్యా, ఇక చాలు! ఇటు తిరగండి!" అని అరిచాను. మా అత్తగారి మీద నేను గొంతు లేపడం అదే మొదలు, అదే చివర.

ఆవిడ తిరిగింది. ముఖమంతా కన్నీళ్ళు. గేటు తీసుకుని వెళ్ళి రోడ్డు మీదే పెద్దమ్మ పక్కన కూర్చుని కౌగలించుకుంది. వీధంతా ఒక్కొక్కరే ఇటు తిరిగారు. ఇద్దరూ ఎంతసేపు ఏడ్చారో, మధ్యలో జట్కా ఒకటి వచ్చి దారి లేక ఆగింది. తర్వాత మా అత్తగారు లేచి, మా కంచె మీది తీగలో వేలంత లావు కొమ్మ చూసి, ఏటవాలుగా కోసి, పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"గట్ల ఇయ్యకు వదినె," అంది పెద్దమ్మ భయంగా. "ఇస్తె బతుకది."

"బతక్కపోతే మళ్ళీ ఇస్తాను," అంది మా అత్తగారు.

ఆ కొమ్మ బతకలేదు. చలికి వేరు పట్టలేదని నేనన్నాను. ఇచ్చింది కాబట్టే చచ్చిందని పెద్దమ్మ వీధంతా గర్వంగా చాటింది. మా అత్తగారు మళ్ళీ ఇచ్చింది. అదీ చచ్చింది. మళ్ళీ ఇచ్చింది. తిరిగి వానలు పడేదాకా ఈవిడ ఇస్తూనే ఉంది, ఆవిడ తిడుతూ రెండు చేతులా పుచ్చుకుంటూనే ఉంది.